ఎంపీ ల్యాడ్స్ రద్దు చేస్తే మిగిలేదెంత, పోయేదేంటి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీలు తమ ప్రాంతంలో పనులకి సిఫార్సు చేసే నిధుల పేరుతో ఏటా దాదాపు నాలుగు వేల కోట్లు ఖర్చవుతున్నాయి. చట్టాలు చేయాల్సిన ఎంపీలకు బస్ షెల్టర్లు, కమ్యూనిటీ హాళ్ల గొడవ ఎందుకు? కమీషన్ల కోసమే కదా ఇదంతా? అమెరికాలో 2011లో ఇలాంటి ఖర్చు ఆపేశారట. మన దగ్గర కూడా ఆపేస్తే నష్టమేంటి?

నేను జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయంలో, అంటే అందరూ సీపీఓ ఆఫీసు అనే చోట, పద్నాలుగేళ్లు ఎంపీ నిధుల సీటు చూశాను. ఎంపీ గారి సిఫార్సు లేఖ కలెక్టరేట్‌కి వచ్చిన రోజు నుంచి ఆఖరి బిల్లు పాసై యూసీ, అంటే డబ్బు ఖర్చైందన్న ధ్రువపత్రం, వెళ్లేదాకా ప్రతి కాగితం నా టేబుల్ మీదుగానే పోయేది. అందుకని కాస్త పెద్ద సమాధానమే రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పథకాన్ని రద్దు చేయొచ్చు, అందులో తప్పేం లేదు. కానీ రద్దు చేస్తే ఖజానాకి డబ్బు మిగులుతుందని, అవినీతి పోతుందని అనుకుంటే మాత్రం ఆ రెండూ జరగవు. ఏ ఊరికి ఏ పని అన్న నిర్ణయం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోతుంది, అంతే. ఆ రెండో చెయ్యి ఎవరిదో, అది మనకి కనిపిస్తుందో లేదో ముందు తేల్చుకోవాలి. అది తేలకుండా రద్దు చేస్తే దెబ్బ తినేది ఎంపీలు కాదు, చిన్న ఊళ్లు.

డబ్బు లెక్క త్వరగా చూసేద్దాం. లోక్‌సభలో 543, రాజ్యసభలో 245, మొత్తం 788 మంది. ఒక్కొక్కరికి ఏటా 5 కోట్లు. అంటే 3,940 కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్లు దాటింది. నూరు రూపాయల బడ్జెట్‌లో ఈ పథకం వాటా ఎనిమిది పైసలు. ఆ ఏడాది ద్రవ్యలోటు అంచనా సుమారు 15.69 లక్షల కోట్లు. ఎంపీ నిధులు పూర్తిగా ఎత్తేసినా ఆ లోటులో నూటికి పావు రూపాయి తగ్గుతుంది. ఇంకో వైపు నుంచి చూడండి. 2024 ఎన్నికల నాటికి దేశంలో దాదాపు 97 కోట్ల మంది ఓటర్లున్నారు. సగటున ఒక లోక్‌సభ నియోజకవర్గానికి సుమారు 18 లక్షల మంది. 5 కోట్లను పంచితే ఓటరుకి ఏడాదికి 28 రూపాయలు వస్తాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక్కో ఎంపీ కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు ఉంటాయి కాబట్టి సెగ్మెంటుకి పడేది 70 లక్షల చిల్లర. కాబట్టి పొదుపు కోసం రద్దు చేయాలి అనే వాదన నిలబడదు. ఈ పథకం మీద పెట్టాల్సిన అసలు ప్రశ్నలు వేరే ఉన్నాయి, వాటికి వద్దాం.

పథకం పుట్టిన సమయం గమనించండి. 1993 డిసెంబర్ 23న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు పార్లమెంటులో దీన్ని ప్రకటించారు. మొదటి ఏడాది ఎంపీకి 5 లక్షలే. మరుసటి ఏడాది కోటి, 1998-99లో 2 కోట్లు, 2011-12లో 5 కోట్లు అయింది. అదే 1993 ఏప్రిల్ 24న పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ అమల్లోకి వచ్చింది. తాగునీరు, ఊరి రోడ్లు, వీధి దీపాలు, పాఠశాలలు సహా 29 అంశాలు పంచాయతీలకు బదలాయించవచ్చని పదకొండో షెడ్యూలులో రాసుకున్నాం. ఎనిమిది నెలలు తిరగకముందే అవే పనులకు ఢిల్లీ నుంచి ఎంపీ చేతికి వేరే డబ్బు వచ్చింది. ఈ పథకం మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే. సర్పంచ్ అడగాల్సిన చోట, జెడ్పీ తీర్మానించాల్సిన చోట ఎంపీ లేఖ వచ్చి కూర్చుంది.

ఇక పని ఎలా జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఈ డబ్బు ఎంపీ బ్యాంకు ఖాతాలో పడుతుందనుకుంటారు. పడదు. ఎంపీ చేసేది సిఫార్సు మాత్రమే. ఫలానా మండలం, ఫలానా ఊరు, ఫలానా పని, ఇంత అంచనా అని లెటర్‌హెడ్ మీద రాసి కలెక్టర్‌కి పంపుతారు. మేం దాన్ని పంచాయతీరాజ్ ఇంజనీరింగ్‌కో, గ్రామీణ నీటి సరఫరా విభాగానికో ఎస్టిమేట్ కోసం పంపుతాం. ఎస్టిమేట్ వచ్చాక కలెక్టర్ పరిపాలనా అనుమతి ఇస్తారు. ఆ తర్వాత సాంకేతిక అనుమతి, పని మొదలు, అసిస్టెంట్ ఇంజనీరు గారు కొలతల పుస్తకంలో రాయడం, పైవాళ్లు ఆ కొలతల్ని సరిచూడటం, బిల్లు. లోక్‌సభ ఎంపీ తన నియోజకవర్గంలో, రాజ్యసభ ఎంపీ తాను ఎన్నికైన రాష్ట్రంలో, నామినేటెడ్ సభ్యులు దేశంలో ఎక్కడైనా సిఫార్సు చేయొచ్చు. 15 శాతం ఎస్సీ వాడలకి, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకి పెట్టాలి. గుడి, మసీదు, చర్చిలకు పెట్టకూడదు. ఒక వ్యక్తికి సొంతంగా లాభం కలిగే పనికి పెట్టకూడదు. ఏడాదిలో ఖర్చు కాని డబ్బు మురిగిపోదు, మరుసటి ఏడాదికి వెళ్తుంది.

కాగితం మీద ఇంత పద్ధతి ఉన్నా పని మంచిదో చెడ్డదో తేల్చేది మొదటి లేఖే. ఆ లేఖ ఎందుకు వచ్చిందన్నదే అసలు సంగతి. నేను చూసిన రెండు పనులు చెబుతాను.

ఒక మండలంలో వాగు అవతల ఓ తండా ఉండేది. ఎనభై ఇళ్లు. వానాకాలం వాగు పొంగితే పిల్లలు బడికి రాలేరు, కాన్పు కేసుల్ని మంచం మీద మోసుకొచ్చేవాళ్లు. కల్వర్టుకి ఎస్టిమేట్ 14 లక్షలు. పంచాయతీ దగ్గర ఆ డబ్బు లేదు. జెడ్పీలో ప్రతి ఏడాదీ జాబితాలో రాసుకునేవారు, ప్రతి ఏడాదీ కిందికి జరిగిపోయేది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద పెడదామంటే జనాభా నిబంధన సరిపోలేదు. అన్ని పథకాల తలుపులూ తట్టి వచ్చిన ఊరది. తండా పెద్ద ఒకాయన ఎంపీ గారు మండల కేంద్రానికి వచ్చిన రోజు కారుకి అడ్డంగా నిలబడి అర్జీ ఇచ్చాడు. వారం తిరగకుండా లేఖ వచ్చింది. తొమ్మిది నెలల్లో మూడు పైపుల కల్వర్టు పూర్తయింది. నేను తనిఖీకి వెళ్లిన రోజు వాగులో మోకాలి లోతు నీళ్లున్నాయి. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకోకుండా, కాళ్లకి వేసుకునే కల్వర్టు మీద నడిచి వెళ్తున్నారు. ఏ పథకం నిబంధనల్లోనూ ఇమడని అవసరం అది. ఇలాంటివి ప్రతి మండలంలో నాలుగైదు ఉంటాయి. ఎంపీ నిధుల్ని సమర్థించేవాళ్లు చెప్పే మాటలో నిజం ఇక్కడుంది.

రెండోది ఒక కమ్యూనిటీ హాలు. అదే మండలంలో, అదే ఎంపీ లేఖతో మంజూరైంది. అంతకుముందే ఆ ఊళ్లో ఎమ్మెల్యే నిధులతో కట్టిన హాలు ఒకటుంది. కొత్తది ఒక నాయకుడి ఇంటి పక్కన కావాలన్నారు, అక్కడే వచ్చింది. శిలాఫలకం నల్లరాయి మీద బంగారు అక్షరాలతో నిలువెత్తున పెట్టారు. రెండేళ్ల తర్వాత వెళ్లి చూస్తే తలుపుకి తాళం. కిటికీలోంచి చూస్తే లోపల ఎరువు బస్తాలు, ఒక స్ప్రేయర్. పాత నిబంధనల్లో నిర్వహణకి, మరమ్మతులకి ఈ నిధులు వాడే వీలు లేదు. కట్టడం వరకే. ఆ హాలుకి సున్నం వేసే బాధ్యత ఎవరికీ లేదు. పంచాయతీకి అప్పగించినట్టు మా ఫైల్లో సంతకం ఉంది. పంచాయతీ రిజిస్టర్లో ఆ భవనం పేరే లేదు.

ఒకే ఎంపీ, ఒకే అధికారులు, ఒకే పద్ధతి. మొదటి దాంట్లో లేఖ అర్జీ వల్ల వచ్చింది, రెండో దాంట్లో రాజకీయ లెక్కల వల్ల వచ్చింది. ఈ రెండింటినీ విడదీసే ఏర్పాటు పథకంలో ఎక్కడా లేదు.

కమీషన్ల సంగతి మీరు ఊహించింది నిజమే. 2005 డిసెంబర్‌లో ఒక టీవీ చానల్ రహస్య కెమెరాలతో తీసిన దృశ్యాల్లో కొందరు ఎంపీలు ఈ నిధుల పనుల కోసం బేరాలాడటం దేశమంతా చూసింది. పార్లమెంటు విచారణ జరిపింది, రాజ్యసభ ఒక సభ్యుడిని బహిష్కరించింది. అర్హత లేని పనులు చేపట్టారని, ఆస్తుల రిజిస్టర్లు లేవని, యూసీలు సరిగా రావని కాగ్ పలుమార్లు రాసింది. 2002లో జస్టిస్ వెంకటాచలయ్య నేతృత్వంలోని రాజ్యాంగ పనితీరు సమీక్షా సంఘం ఈ పథకాన్ని ఆపేయమంది. 2007లో వీరప్ప మొయిలీ అధ్యక్షతన పనిచేసిన రెండో పరిపాలనా సంస్కరణల సంఘం కూడా ఎంపీ, ఎమ్మెల్యే నిధులు రెండూ ఎత్తేయమంది. ప్రభుత్వ ఖర్చు మీద నిఘా పెట్టాల్సిన సభ్యుడే ఖర్చు పెట్టేవాడైతే నిఘా ఎవరు పెడతారు అన్నది వాళ్ల ప్రశ్న. నాకు ఇప్పటికీ అది సరైన ప్రశ్నే అనిపిస్తుంది. 2010 మే 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం భీమ్ సింగ్ కేసులో పథకం రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. ఎంపీ సిఫార్సు మాత్రమే చేస్తాడు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం కాబట్టి అధికారాల విభజనకి భంగం లేదంది. చట్టపరంగా ఆ మాట సరే. కానీ ఎంపీ సిఫార్సును కాదనగలిగిన కలెక్టర్లు నా సర్వీసులో ఎంతమంది అంటే ఒక చేతి వేళ్లు చాలు. నిబంధన అడ్డొస్తే తిప్పి పంపేవాళ్లం. ఊరికి అవసరం లేదని మాత్రం ఎప్పుడూ తిప్పి పంపలేదు.

ఇంకో మాట. ఈ డబ్బుతో ఎంపీలు ఓట్లు కొనుక్కుంటారని, సిట్టింగ్ ఎంపీకి ఇది పెద్ద బలమని అంటారు. ఐదేళ్లకి 25 కోట్ల పనులు, ఎదుటి అభ్యర్థికి సున్నా. వినడానికి పచ్చి నిజంలా ఉంటుంది. ప్రపంచ బ్యాంకులో పనిచేసిన ఫిలిప్ కీఫర్, స్తుతి ఖేమానీ 2009లో ఈ పథకం మీదే ఒక పరిశోధన ప్రచురించారు. ఓటర్లు పార్టీని చూసి ఓటేసే నియోజకవర్గాల్లో, అంటే పార్టీ కంచుకోటల్లో, ఎంపీలు ఈ నిధుల్ని తక్కువగా ఖర్చు చేశారని అందులో తేలింది. ఎలాగూ గెలుస్తాం అన్నచోట ఆ శ్రమ ఎవరూ పడరన్నమాట. మా జిల్లాలోనూ అదే చూశాను. గట్టి పోటీ మీద గెలిచిన ఎంపీ ఆఫీసు నుంచి నెలకి రెండుసార్లు ఫోన్ వచ్చేది. అలవోకగా గెలిచిన ఎంపీ హయాంలో సిఫార్సుల కోసం మేమే గుర్తుచేస్తూ ఉత్తరాలు రాసేవాళ్లం.

ఇప్పుడు మీరు ప్రస్తావించిన అమెరికా సంగతి. అక్కడ ఇలాంటి కేటాయింపుల్ని ఇయర్‌మార్క్స్ అంటారు. మన దగ్గరలా సభ్యుడికి ఇంత అని సమానంగా ఉండేది కాదు. బడ్జెట్ చట్టంలోనే ఫలానా ఊరికి ఫలానా పనికి ఇంత అని రాయించుకునేవారు. సీనియర్ సభ్యులకి, కమిటీల్లో పట్టున్నవాళ్లకి ఎక్కువ దక్కేది. అందులో బాగా అప్రతిష్ఠ తెచ్చింది అలాస్కాలో కెచికాన్ పట్టణం నుంచి గ్రవీనా దీవికి తలపెట్టిన వంతెన. 2005 రహదారుల చట్టంలో దానికి 22 కోట్ల డాలర్లకి పైగా పెట్టారు. దీవి మీద ఉండేది యాభై మంది. అయితే పట్టణం విమానాశ్రయం కూడా ఆ దీవి మీదే ఉందన్నది చాలామంది చెప్పరు. గోల ఎక్కువై అదే ఏడాది నవంబర్‌లో అక్కడి పార్లమెంటు (దాని పేరు కాంగ్రెస్) ఆ వంతెన కేటాయింపు మాట తీసేసింది. డబ్బు మాత్రం అలాస్కాకే వెళ్లింది, ఎలా ఖర్చు పెట్టాలో రాష్ట్రం ఇష్టానికి వదిలేశారు. చివరికి 2007లో రాష్ట్రమే వంతెన ఆలోచన మానుకుంది. అంటే పేరు తీసేశారు, ఖర్చు తగ్గలేదు.

2011 నిషేధం తర్వాత జరిగింది కూడా పెద్ద ఎత్తున ఇదే. ఇయర్‌మార్క్స్ ఎక్కువగా అప్పటికే ఒప్పుకున్న మొత్తంలోంచి వాటాలు చెప్పేవి. వాటిని తీసేస్తే మొత్తం తగ్గదు, వాటాలు చెప్పే అధికారం అధ్యక్షుడి కింద పనిచేసే శాఖలకి పోతుంది. సభ్యులు ఊరుకుంటారా? శాఖలకి ఉత్తరాలు రాయడం, ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ముందు చట్టంలో అచ్చయి అందరికీ కనిపించే కోరిక ఇప్పుడు ఎవరికీ కనిపించని ఫోన్ కాల్ అయింది. పైగా పెద్ద బిల్లుకి మద్దతు కూడగట్టడానికి నాయకుల చేతిలో ఉన్న ఒక చిన్న పరికరం పోయింది. 2013 అక్టోబర్‌లో అక్కడ ప్రభుత్వం 16 రోజులు మూతపడింది. దానికి కారణం ఇదొక్కటే అని నేను అనను, కానీ బేరానికి ఏమీ మిగలని సభలో రాజీ కష్టమవుతుందన్న వాదనలో పస ఉంది. 2021లో ఇయర్‌మార్క్స్‌ని మళ్లీ తెచ్చారు. ఈసారి షరతులు పెట్టారు: సభ్యుడు తన కోరికని ఆన్‌లైన్‌లో అందరికీ చూపించాలి, తనకి గానీ కుటుంబానికి గానీ అందులో లాభం లేదని రాసివ్వాలి, లాభాపేక్ష ఉన్న కంపెనీలకి ఇవ్వకూడదు, సభ ఏటా నిర్ణయించే మొత్తం ఖర్చులో ఒక శాతం దాటకూడదు. ఆపేసి పదేళ్లు చూసి, మూత తీసి గాజు మూత పెట్టుకున్నారన్నమాట.

ఫిలిప్పీన్స్ కథ ఇంకా కఠినం. అక్కడ సెనేటర్‌కి ఏటా 20 కోట్ల పెసోలు, దిగువ సభ సభ్యుడికి 7 కోట్ల పెసోలు ఇచ్చేవారు. బోగస్ స్వచ్ఛంద సంస్థల ద్వారా సుమారు 1,000 కోట్ల పెసోలు మింగేశారన్న కుంభకోణం 2013లో బయటపడింది. జనం వీధుల్లోకి వచ్చారు. అదే ఏడాది నవంబర్ 19న వాళ్ల సుప్రీంకోర్టు ఆ పద్ధతి మొత్తాన్నీ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. బాగుంది కదా అనుకుంటాం. తర్వాత సభ్యులు తమ పనుల్ని నేరుగా బడ్జెట్‌లో ప్రజా పనుల శాఖ పద్దుల కింద చేర్పించుకోవడం పెరిగింది. 2025లో వరద నియంత్రణ పనుల కుంభకోణం పేలింది. కాగితాల మీద పూర్తయి, నదుల దగ్గరికి వెళ్తే కనిపించని కట్టలవి. పాత పద్ధతిలో కనీసం సభ్యుడికి ఇంత అని ఒక హద్దు ఉండేది. కొత్త దారికి ఆ హద్దు కూడా లేకపోయింది.

ఫ్రాన్స్‌లో మాత్రం నిజంగా కోత పడింది. పార్లమెంటు సభ్యుల చేతిలో ఉన్న నిధిని అధ్యక్షుడిగా మాక్రాన్ మొదటి ఏడాది, 2017 సెప్టెంబర్‌లో చట్టం చేసి ఎత్తేశారు. ఏటా 13 నుంచి 15 కోట్ల యూరోల దాకా ఉండే ఆ నిధి చిన్న గ్రామ మునిసిపాలిటీలకి, ఊరి క్రీడా సంఘాలకి, సాంస్కృతిక సంఘాలకి వెళ్లేది. దానికి బదులుగా సంఘాల అభివృద్ధి నిధికి 2.5 కోట్ల యూరోలు కలిపారు. అవినీతి పోయింది, పక్షపాతం పోయింది. చిన్న సంఘాలకి వచ్చే డబ్బులో సింహభాగం కూడా పోయింది. నిజాయతీగా చేసే కోతకి కూడా ధర ఉంటుంది, ఆ ధర కట్టేది చిన్నవాళ్లే.

ఇక మన సొంత అనుభవం మరచిపోకూడదు. 2020 ఏప్రిల్ 6న కోవిడ్ కారణంగా కేంద్ర కేబినెట్ ఎంపీ ల్యాడ్స్‌ని రెండేళ్లు నిలిపేసింది. దాదాపు 7,900 కోట్లు సంచిత నిధికి, అంటే కేంద్రం ఉమ్మడి ఖజానాకి, జమ చేస్తామన్నారు. ఆ పరిస్థితిలో డబ్బు అవసరం ఎంతో ఉంది, కాదనను. కానీ జిల్లాలో కూర్చుని చూస్తే కనిపించింది ఏమిటంటే, ఇక్కడ ఆగిన డబ్బు అక్కడ ఏమైందో తెలుసుకునే దారి లేదు. సంచిత నిధి సముద్రం లాంటిది. మా మండలంలో ఆగిన పనికి పేరుంది, ఊరుంది, అంచనా ఉంది. దాని బదులు ఎక్కడో ఏం కొన్నారో దానికి ఏ పేరూ లేదు. 2021 నవంబర్‌లో పథకాన్ని మళ్లీ మొదలుపెట్టి మిగిలిన ఆ ఏడాదికి ఎంపీకి 2 కోట్లు ఇచ్చారు. 2022-23 నుంచి మళ్లీ 5 కోట్లు.

మన దగ్గర రద్దు వల్ల జరిగే ఒక నష్టం గురించి ఎవరూ సరిగా మాట్లాడరు. ఈ 5 కోట్లు అధికార పార్టీ ఎంపీకి, ప్రతిపక్ష ఎంపీకి సమానం. ఎంపీకి ఇంకే అభివృద్ధి నిధిలోనూ ఆ హామీ లేదు. మిగతావన్నీ మంత్రి దగ్గరికి, ముఖ్యమంత్రి ఆఫీసుకి, ఇన్‌చార్జి మంత్రికి వెళ్లి తెచ్చుకోవాలి. ప్రత్యేక నిధులు, విచక్షణ నిధులు ఎవరి నియోజకవర్గాలకి ముందు వెళ్తాయో నేను చెప్పక్కర్లేదు. 1985 ఫిరాయింపుల నిరోధక చట్టం తర్వాత మన ఎంపీకి సభలో సొంత ఓటు కూడా పెద్దగా లేదు, విప్ చెప్పినట్టు వేయాలి. అమెరికా సభ్యుడిలా నా ఓటు కావాలంటే మా ఊరికి ఇది ఇవ్వు అనే బేరం ఇక్కడ ఉండదు. అలాంటి చోట ప్రతిపక్ష ఎంపీకి ఓటేసిన ఊరికి నేరుగా అందే ఒకే ఒక చిన్న గిన్నె ఇది. దాన్ని తీసేస్తే ఆ ఊరు ఓటు మార్చుకోవాలన్న ఒత్తిడి పెరుగుతుంది. నా దృష్టిలో ఇది కమీషన్ల కంటే చిన్న విషయమేమీ కాదు.

అయితే పంచాయతీలకి ఇచ్చేయండి, గొడవ వదిలిపోతుంది కదా అని అడుగుతారు. సూత్రం ప్రకారం నేనూ అటే. కానీ లెక్క వేసి చూడండి. దేశంలో గ్రామ పంచాయతీలు రెండున్నర లక్షలు దాటి ఉన్నాయి. 3,940 కోట్లని వాటికి సమంగా పంచితే పంచాయతీకి ఏడాదికి లక్షన్నర వస్తుంది. లక్షన్నరతో వాగు మీద కల్వర్టు రాదు, బడికి గది రాదు. వీధి దీపాలు, కాస్త మొరం తోలడం, అంతటితో సరి. తలా పిడికెడు పంచితే ఎవరి కడుపూ నిండదు. ఎంపీ నిధికున్న నిజమైన ఉపయోగం డబ్బుని ఒకచోట పోగుచేసి, ఈ ఏడాది ఈ తండాకి 14 లక్షలు అని పెట్టగలగడం. ఆ పోగుచేసే పని మండల పరిషత్తో జిల్లా పరిషత్తో చేయాలి. మన దగ్గర మండల పరిషత్‌ల దగ్గర సొంతంగా ఖర్చు పెట్టే డబ్బు దాదాపు లేదు, వాటి సమావేశాలకి వెళ్లి చూసినవాళ్లకి తెలుసు.

పైగా పంచాయతీలకి వెళ్లే డబ్బు కూడా పంచాయతీ చేతికి చేరుతుందన్న నమ్మకం లేదు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 మధ్య గ్రామీణ స్థానిక సంస్థలకి 2.36 లక్షల కోట్లకి పైగా సిఫార్సు చేసింది. అంటే ఏడాదికి సగటున 47 వేల కోట్లు, ఎంపీ నిధులకి పన్నెండు రెట్లు. అందులో 60 శాతం నీరు, పారిశుధ్యానికే కట్టేసి ఇచ్చారు. మిగిలింది కరెంటు బకాయిల కింద జమ చేసుకున్నారని ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచులు రోడ్డెక్కిన సంగతి పేపర్లలో చూశాం. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగేదాకా గ్రామ పంచాయతీలకి ఎన్నికైన పాలకవర్గాలే లేవు, ప్రత్యేకాధికారులు నడిపారు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం నిధులు రావు. ఆ రెండేళ్లలో ఊరికి బయటి నుంచి అందిన కొద్దిపాటి పనుల్లో ఎంపీ, ఎమ్మెల్యే నిధుల వాటా ఎంతో ఆ ఊళ్ల వాళ్లని అడిగితే చెబుతారు.

అందుకని రద్దు కావాలా వద్దా అని కాకుండా, ఏది ముందు, ఏది వెనక అని అడుగుతాను. ముందు జిల్లా పరిషత్‌లకి, మండల పరిషత్‌లకి షరతుల్లేని నిధి రావాలి. అది ఒక ఎన్నికల కాలం పాటు సక్రమంగా నడవాలి. ఆ తర్వాత ఎంపీ నిధిని ఏటా కోటి చొప్పున తగ్గించుకుంటూ ఆ కోటిని అటు కలపొచ్చు. ఈలోగా ఉన్న పథకంలో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. గ్రామసభ తీర్మానం జతపరచని సిఫార్సుని కలెక్టర్ తీసుకోకూడదు. అర్జీ ఎవరిది, ఎప్పుడిచ్చారు, ఎంపీ ఎందుకు ఒప్పుకున్నారు, ఎందుకు కాదన్నారు అన్నది పనితో పాటు పోర్టల్లో కనపడాలి. 2023 ఏప్రిల్ నుంచి ఈ-సాక్షి పోర్టల్ ద్వారా సిఫార్సులు, చెల్లింపులు ఆన్‌లైన్ అయ్యాయి, ఇది మంచి అడుగు. కానీ అక్కడ కనిపించేది మంజూరైన పని. తిరస్కరించిన అర్జీ కనిపించదు. నా అనుభవంలో అన్యాయమంతా ఆ కనిపించని జాబితాలోనే ఉంటుంది. నిర్వహణకి డబ్బెవరు పెడతారో రాసివ్వని భవనానికి మంజూరు ఇవ్వకూడదు. ఈ ఒక్క షరతు ఉంటే తాళం వేసిన హాళ్లలో సగం పుట్టేవే కావు.

శిలాఫలకం విషయంలో మాత్రం నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఎంపీ పేరు రాయి మీద చెక్కడం ప్రచారం కోసమే, నిజమే. కానీ నిబంధన ప్రకారం ఆ రాయి మీద పథకం పేరు, ఎంపీ పేరు ఉండాలి. కల్వర్టు ఆరు నెలలకే కుంగితే ఎవరిని అడగాలో ఊరికి తెలిసేది ఆ రాయి వల్లే. శాఖ పద్దులో జరిగిన పనికి అలాంటి రాయి అన్నిసార్లూ ఉండదు. పేరు ఉంచండి, దాని కింద అంచనా ఎంత, ఖర్చెంత, కాంట్రాక్టర్ ఎవరు, పూర్తయిన తేదీ ఏది అన్నది అంతే పెద్ద అక్షరాలతో చెక్కించండి.

ఒకవేళ రేపే రద్దు చేయాలని నిర్ణయించినా, మొదలైన పనులకి కావాల్సిన డబ్బు ముందు పక్కన పెట్టి అప్పుడు ఆపాలి. 2020లో మా జిల్లాలో ఒక ఆడపిల్లల ఉన్నత పాఠశాలకి రెండు గదులు మంజూరయ్యాయి. ఒక ఏడాది నిధులతో పునాది, పిల్లర్లు, గోడలు. మరుసటి ఏడాది నిధులతో స్లాబు అని రెండు విడతలుగా సిఫార్సు తీసుకున్నాం. లింటెల్ దాకా లేచాక రెండో విడత ఆగిపోయింది. పిల్లర్ల మీద ఇనుప చువ్వలు అలాగే నిలబడి రెండు వానాకాలాలు తడిసి తుప్పు పట్టాయి. కాంట్రాక్టర్ సెంట్రింగ్ సామాను తీసుకెళ్లిపోయాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు నెలకోసారి ఆఫీసుకి వచ్చి నా టేబుల్ ముందు కూర్చునేవారు. నేను ఫైలు తీసి చూపించడం తప్ప ఏమీ చేయలేకపోయేవాడిని. నిధులు తిరిగి వచ్చాక తుప్పు చువ్వలు కోసి, కొత్తవి కలిపి, పెరిగిన రేట్లతో ఎస్టిమేట్ మళ్లీ రాయించి, 2023 జనవరిలో స్లాబు వేశారు. మొదట అనుకున్న దాని కంటే నాలుగు లక్షలు ఎక్కువైంది. ఆ మధ్య కాలంలో తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లు వరండాలో కూర్చున్నాయి.